అందించే మాస్టారు

చీరాల నుంచి అటు బాపట్ల దాకా, ఇటు పర్చూరు దాకా నాటకాలాడే ఏ సమాజం వాళ్ళయినా, కోటిలింగం మాస్టారికి ఏ రోజు వీలవుతుందో కనుక్కున్నాకే నాటకానికి తేదీ పెట్టుకునేవాళ్ళు. రాజు వేషానికి మనిషి దొరక్కపోతే ఎవరో ఒకడికి కిరీటం పెట్టి నిలబెట్టొచ్చు. హార్మణీ ముందు కోటిలింగం లేకపోతే మాత్రం ఆ రాజు పద్యం సగంలోనే బిక్కచచ్చిపోతాడు. ఇక అంతే సంగతులు.

ఏమిటయ్యా ఆయన గొప్ప అంటే, వాయింపు కాదు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆయన కంటే వేళ్ళు చురుగ్గా తిరిగేవాళ్ళు గుంటూరులో నలుగురైదుగురున్నారు. ఆయన గొప్పంతా అందించడంలో ఉంది. పాడేవాడు పైకి వెళ్ళబోతున్నాడనగానే, వాడు పట్టాల్సిన స్వరాన్ని రెప్పపాటు ముందే ఈయన మీట నొక్కి సిద్ధంగా ఉంచేవాడు. వాడు కళ్ళు మూసుకుని దానిమీదికి ఒరిగిపోవడమే. గొంతు జారుతోందనిపిస్తే పెట్టె మోత కాస్త పెంచి ఆ జారుడు కప్పేసేవాడు. జనం చప్పట్లు కొట్టేవాళ్ళు. వేషగాడు మీసం తిప్పేవాడు. "కోటిలింగం అందిస్తే గోడ కూడా పాడుతుందిరా" అని వాళ్ళలో వాళ్ళే చెప్పుకునేవాళ్ళు.

ఇక ఆయన రోజు ఎట్లా గడిచేదంటే, వినేవాళ్ళకే ఆయాసం వస్తుంది. పొద్దున ఆరింటికి సైకిలెక్కితే పేరాలలో మూడిళ్ళు, కొత్తపేటలో రెండు, ఆ పైన వేటపాలెం. మగ్గం చప్పుడు పక్కగదిలో ఆగకుండా వినపడుతుంటే ఈ గదిలో సరళీ వరసలు. సగంమంది పిల్లలకు కావలసింది సంగీతం కాదు, పెళ్ళివారు వచ్చినప్పుడు తడబడకుండా పాడడానికి ఒక్క కీర్తన. "పై నెల్లో చూసుకోవడానికి వస్తున్నారు మాస్టారూ, ఎట్లాగైనా గట్టెక్కించండి" అని తల్లులు బతిమాలేవాళ్ళు. ఆయన గట్టెక్కించేవాడు. పెళ్ళిచూపుల నాడు తనే పెట్టె పట్టుకుని వెళ్ళి, ఆ పిల్ల పక్కన కూర్చుని, స్వరం వెంట స్వరం అందించి ఒడ్డున పడేసేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాననిపించుకుని హరికథకో, భజనకో, నాటకం వాళ్ళ రిహార్సలుకో పరుగు. ఇంట్లో ఆయన భార్య రమణమ్మ, "మీరు ఊరందరికీ శ్రుతి కలుపుతారు, మన పొయ్యిలోకి పుల్లలు మాత్రం నేనే కలుపుకోవాలి" అనేది. అంటూనే మజ్జిగ గ్లాసు చేతికిచ్చేది.

ఆ ఇంట్లోనే ఆయన చెల్లెలు శివపార్వతి ఉండేది. తల్లీ తండ్రీ పోయినప్పుడు దానికి ఎనిమిదేళ్ళు, ఆయనకు ఇరవై నాలుగు. చెల్లెలన్నమాటే గాని పెంచింది కూతుర్ని పెంచినట్టే. పర్చూరులో కాస్త పొలం, పొగాకు సాగూ ఉన్న ఇల్లు చూసి యలమందయ్యకిచ్చి పెళ్ళి చేశాడు. వాళ్ళు కొట్టేవాళ్ళూ కాదు, తిట్టేవాళ్ళూ కాదు. ఆ ఇంట్లో పాట అనేది లేదు, అంతే. పెళ్ళయిన మూడోనాడు వంటింట్లో ఏదో కూనిరాగం తీస్తుంటే అత్తగారు నాంచారమ్మ వచ్చి, "మన ఇంటి కోడళ్ళ గొంతు వీధిలోకి పోదమ్మా" అని మెత్తగానే చెప్పిందట. పార్వతి అప్పటినుంచీ నోరు కుట్టేసుకుంది. పురిటికి పుట్టింటికొచ్చింది. పదకొండో రోజున బిడ్డ పోయింది. ఆ తర్వాత ఆ పిల్ల అత్తారింటికి పోనంటే పోనంది. ఏడవలేదు, గోల చెయ్యలేదు. "నేను పాడుకుంటూ ఇక్కడే ఉంటానన్నయ్యా" అంది.

అట్లా రెండేళ్ళు గడిచాక, యాభై ఏడో సంవత్సరం చైత్రమాసంలో, నాంచారమ్మ అన్నగారు చెంచురామయ్య నలుగురు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లను పంపుతారా, లేకపోతే మావాడికి వేరే సంబంధం చూసుకోమంటారా, తేల్చి చెప్పమన్నాడు. అందులో తప్పేమీ లేదు మరి, వాళ్ళెన్నాళ్ళని చూస్తారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఊళ్ళో ఒక బాలికల బడిలో సంగీతం టీచరు ఉద్యోగం ఖాళీ అయింది. రేడియోలో పాడే అర్హత ఉన్న మనిషయితే మారుమాట్లాడకుండా ఇస్తామని కమిటీవాళ్ళు కోటిలింగంతో అన్నారు. బెజవాడ రేడియోకు పార్వతి పేరు మీద దరఖాస్తు వెళ్ళిపోయింది కూడా. ఆ ధీమాతో ఆయన పెద్దమనుషుల మధ్య కూర్చుని, భుజం మీద కండువా సర్దుకుని, ఎవరూ అడగని మాట ఇచ్చేశాడు.

"రేడియోవాళ్ళు పిలుస్తారు. మా పార్వతి అందులో నెగ్గితే ఇక్కడే ఉంటుంది, దాని బతుకు అది బతుకుతుంది. మీ దారి మీరు చూసుకోవచ్చు. నెగ్గకపోతే నేనే పంపిస్తాను. మళ్ళీ మాట తిప్పను."

చెంచురామయ్య, "సరే మాస్టారూ, నలుగురిలో అన్నారు. మేమూ ఆగుతాం" అని లేచాడు. తలుపు చాటునున్న పార్వతి అన్న వంక చూసింది. ఆ చూపులో భయం లేదు. ఈయన అన్నాడంటే అయిపోయినట్టేననుకుంది పిచ్చిపిల్ల.

నేర్పడంలో కోటిలింగం పద్ధతి ఒకటుంది. తను లేనప్పుడు శిష్యులెవరూ సాధన చెయ్యకూడదు. "ఒంటరిగా పాడితే తప్పు పట్టుకుంటుంది. పట్టుకున్న తప్పు వదలదు. నేనొచ్చి పెట్టె తీసేదాకా నోరు తెరవొద్దు" అనేవాడు. పార్వతికీ అదే కట్టడి. పన్నెండేళ్ళ వయసు నుంచీ ఆ పిల్ల అన్న పెట్టె తెరిస్తేనే పాడింది, మూస్తే ఆపింది. తోడి పాడినా కాంభోజి పాడినా ఆయన వేలు ముందు, ఆ పిల్ల గొంతు వెనక. రెండూ కలిసి ఎంత ఇంపుగా ఉండేవంటే, దారినపోయేవాళ్ళు సైకిళ్ళు ఆపి వినేవాళ్ళు.

రేడియోలోకి హార్మణీని రానివ్వరన్న సంగతి ఆయనకు తెలియక కాదు. ఆ పెట్టెలో మన గమకం పలకదని ఢిల్లీలో పెద్దలెవరో తీర్మానించి ఏళ్ళయింది. తంబురా, ఫిడేలు, మృదంగం వాళ్ళే ఇస్తారు. "ఫిడేలుంటుందిగా, అదీ స్వరమే, ఇదీ స్వరమే" అనుకున్నాడు. పార్వతి మాత్రం ఒకరోజు అడిగింది.

"అన్నయ్యా, పెట్టె లేకుండా ఒక్కసారి పాడి చూడనా?"

"ఎందుకమ్మా కొత్త అలవాట్లు. వేటపాలెం టైమయింది" అని సైకిలెక్కాడు. ఆ పూట వేటపాలెంలో ఓ పిల్లకు పెళ్ళిచూపులు. ఆ పిల్ల గట్టెక్కింది.

శ్రావణమాసంలో కబురొచ్చింది. అన్నాచెల్లెళ్ళిద్దరూ పాసింజరు బండిలో బెజవాడ వెళ్ళారు. రమణమ్మ ఆడపడుచుకు తన పెళ్ళినాటి చీర కట్టి, తలలో కనకాంబరాలు పెట్టి పంపింది. రేడియో కేంద్రంలో వాళ్ళు మర్యాదగానే కూర్చోబెట్టారు, మంచినీళ్ళిచ్చారు. పార్వతి పేరు పిలిచారు. తోడు వచ్చినవాళ్ళు బయటే ఉండాలన్నారు. తలుపు మూసుకుంది. మందపాటి తలుపు, లోపలి చప్పుడు బయటికి పిసరంత కూడా రాదు. కోటిలింగం వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. వేలమంది ముందు వాయించినవాడు, ఆ పావుగంట చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు.

పార్వతి బయటికొచ్చింది. మొహం పాలిపోయి ఉంది. నేరుగా కుళాయి దగ్గరికి వెళ్ళి మొహం కడుక్కోసాగింది. ఆ పిల్ల వెనకే ఫిడేలు వాయించిన ముసలాయన కూడా వచ్చాడు. జయరావు ఆయన పేరు. కోటిలింగం పక్కన కూర్చుని ముక్కుపొడుం డబ్బీ తీశాడు.

"అమ్మాయికి నేర్పింది మీరేనాండీ?"

"నేనేనండి. మా చెల్లెలు."

"గొంతు బంగారమండీ. నేను పాతికేళ్ళ నుంచి వాయిస్తున్నాను, ఊరికే అనడం లేదు. కాని ప్రతి స్వరం ముందూ ఆగుతోంది. ఎవరో ఇస్తారని చూస్తున్నట్టుంది. ఫిడేలు పాడేవాళ్ళ వెనకాల నడిచే వాద్యం కదండీ, ముందు నడవదు. ఆవిడ నా కోసం ఆగింది, నేను ఆవిడ కోసం ఆగాను. మధ్యలో ఎవరూ లేరు." ఆయన డబ్బీ మూసి మెల్లగా అడిగాడు. "మీరు హార్మణీ వాయిస్తారా?"

కోటిలింగం తలూపాడు.

"అనుకున్నాను. తప్పు అమ్మాయిది కాదు. ఒక్క ఏడాది తంబురా పెట్టుకుని ఒంటరిగా సాధన చేయించండి. ఎవరూ వేలు పెట్టకుండా. మళ్ళీ పంపించండి. ఆ పిల్లను ఆపగలిగినవాళ్ళుండరు."

ఆయన మంచిమనసుతో చెప్పి వెళ్ళిపోయాడు. కోటిలింగం మాత్రం ఆ బల్ల మీదే ఉండిపోయాడు. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళన్నీ ఏ విద్యకు చేతులెత్తి మొక్కాయో, ఆ విద్యే ఇంట్లో పిల్ల కాళ్ళు విరగ్గొట్టింది. చెల్లెలి గొంతు ఒక్కదాన్నే, తన పెట్టె లేకుండా, తను ఏనాడూ వినలేదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

తిరుగు బండిలో పార్వతి కిటికీ పక్కన కూర్చుంది.  బాపట్ల దాటాక అంది, "నీ పరువు తీశానన్నయ్యా. అన్నేళ్ళు నేర్పావు. నాకు గొంతే లేదేమో."

అదీ సమయం. జయరావు అన్న మాట అన్నట్టుగా ఆ పిల్ల చెవిన వెయ్యాల్సిన సమయం. కోటిలింగం నోరు తెరిచాడు కూడా. కాని ఆ మాట చెబితే, తప్పు తనదని చెప్పాలి. రేపు అది రమణమ్మకు తెలుస్తుంది, ఊరికి తెలుస్తుంది. మాస్టారి దగ్గర నేర్చుకుంటే పెట్టె లేనిదే పాడలేరట అని పేరాలలో ఆడవాళ్ళు చెప్పుకుంటారు. పిల్లలు మానేస్తారు. వేషగాళ్ళు నవ్వుతారు. ఇవన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి.

"అదృష్టం లేదమ్మా" అన్నాడు.

ఎంత సుళువుగా అనేశాడో చూడండి. ఆ రెండు మాటలకు ఆ పిల్ల తల దించుకుంది. చీరాల వచ్చేదాకా మళ్ళీ ఎత్తలేదు.

దసరా వెళ్ళాక కాగితం వచ్చింది. ఈసారి ఎంపిక కాలేదని, ఏడాది తర్వాత మళ్ళీ దరఖాస్తు చేసుకోవచ్చని. కార్తీకంలో చెంచురామయ్య బండి కట్టుకుని వచ్చాడు. కోటిలింగం కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, చాలాసేపు పంటల గురించి మాట్లాడాడు. చివరికి, "ఇంకొక్క ఏడాది గడువిస్తే..." అన్నాడు.

"ఎందుకు మాస్టారూ?" అన్నాడు చెంచురామయ్య. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "ఏడాదిలో మారేదేమిటి? పన్నెండేళ్ళు నేర్పారు. ఇంకో ఏడాదికి వస్తుందని మీరే చెప్పండి, నలుగురికీ నేను నచ్చజెబుతాను."

రమణమ్మ గుమ్మంలోంచి భర్త మొహంలోకే చూస్తోంది. పార్వతి కూడా చూస్తోంది. కారణం చెబితే గడువు వచ్చేట్టే ఉంది. ఆ పెద్దమనిషి మొండివాడు కాదు. కోటిలింగం కండువా అంచు మెలిపెట్టాడు, విప్పాడు.

"దాని ఇష్టం" అన్నాడు.

"నేను పంపను" అంది రమణమ్మ. "రెండు పూటలా ఇంత ముద్ద పెట్టలేకపోతామా? ఎవరికి ఎవరు ఏ మాటిస్తే నాకేం?"

పార్వతి వదిన చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. "ఊరుకో వదినా. పాట రానిదాన్ని ఇక్కడుండి ఏం చెయ్యను? మీకు బరువు తప్ప" అంది. నాలుగు చీరలు మూట కట్టుకుంది. వెళ్తూ అన్న కాళ్ళకు దణ్ణం పెట్టింది. ఆయన దీవించాడు. పిల్లలందరికీ చెప్పే దీవెనలే, నోరు దానంతటదే చెప్పేసింది. బండి మలుపు తిరిగాక రమణమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన సైకిల్ తీసి కొత్తపేట వెళ్ళాడు. ఆ రోజు అక్కడ రెండిళ్ళల్లో పాఠం ఉంది.

ఏడాది పైన మూడు నెలలు గడిచింది. ఆ మధ్యలో కోటిలింగం పర్చూరు మొహం చూడలేదు. తీరిక లేదన్నాడు. నిజమే, తీరిక ఎప్పుడూ లేదు. సంక్రాంతికీ అట్లతద్దికీ రమణమ్మే వెళ్ళి చీరా పసుపూ కుంకుమా పెట్టి వచ్చింది. వచ్చినప్పుడల్లా "బాగానే ఉంది" అనో, "నెల తప్పింది" అనో చెప్పి, మొగుడి వంక ఇంకోసారి చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఇన్నాళ్ళకు, మాఘమాసంలో, పర్చూరులో నాటకం కుదిరింది. వద్దనడానికి సాకు దొరకలేదు. పెట్టెను నాటకం వాళ్ళ బండిలో పంపించేసి, తను మధ్యాహ్నమే సైకిల్ మీద చెల్లెలి ఇంటికి బయల్దేరాడు. జేబులో కొత్త దరఖాస్తు కాగితం ఉంది. జయరావు అన్న మాట ఈసారి చెప్పేద్దామని దారిపొడుగునా గట్టిగా అనుకుంటూ వెళ్ళాడు.

ఇంటి పక్కనే పొగాకు ఆరబెట్టే పందిరి. ఆకు కోతకొచ్చిన రోజులు. ఘాటు గొంతులో పడుతోంది. ఆయన సైకిల్ గోడకు ఆనించబోయి ఆగిపోయాడు.

పందిట్లో ఎవరో పాడుతున్నారు. కాంభోజి. తొందరేమీ లేకుండా, పని చేసుకుంటూ పాడుకునే పాట. గొంతు పై స్థాయికి వెళ్ళింది. కోటిలింగం ఊపిరి బిగబట్టాడు. అక్కడ ఆగుతుందని ఆయనకు తెలుసు. ఆగలేదు. చేయి చాచి కొమ్మ మీది కాయ కోసుకున్నంత మామూలుగా ఆ స్వరాన్ని అందుకుంది, దానిమీద నిలబడింది, తీరిగ్గా దిగొచ్చింది. దరిదాపుల్లో ఎవరి వేలూ లేదు. ఆకు గలగల తప్ప ఏ వాద్యమూ లేదు. ఆయన జీవితంలో వందలమందికి అందించాడు గాని అటువంటి గొంతు ఎన్నడూ వినలేదు. ఎండలో నిలబడి ముసలివాడిలా ఏడ్చాడు.

పాట అయిపోయాక కళ్ళు తుడుచుకుని పిలిచాడు. పార్వతి బయటికొచ్చింది. ఏడో నెలో ఎనిమిదో నెలో, నడుం మీద చెయ్యి వేసుకుని నడుస్తోంది. చేతులకు పొగాకు జిగురు నల్లగా అంటుకుని ఉంది. లోపల నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆకును తాళ్ళకు గుచ్చుతూ తొంగిచూశారు.

"ఎప్పుడొచ్చావన్నయ్యా? వదిన బాగుందా?" అని నులకమంచం వాల్చింది.

"పాడనిస్తున్నారా?"

"పందిట్లో పాడితే అత్త ఏమీ అనదు. పని చురుగ్గా సాగుతోందని తనే పాడమంటుంది."

కోటిలింగం కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. జయరావు అన్నదంతా, ఒక్క మాట మింగకుండా. గొంతు బంగారమన్నాడని, తప్పు నీది కాదన్నాడని, ఏడాది ఒంటరిగా పాడితే చాలన్నాడని. జేబులోంచి కాగితం తీశాడు. "తప్పంతా నాదేనమ్మా. నువ్వు నేర్చుకున్నది తప్పు కాదు, నేను అందించడమే తప్పు. మళ్ళీ పెడదాం. ఇప్పుడు ఎవరూ నిన్నాపలేరు."

పార్వతి కాగితం తీసుకోలేదు. జిగురు చేతులు కొంగుకు తుడుచుకుంటూ నిలబడింది.

"ఇక్కడికొచ్చిన రెండు నెలలకే తెలిసిందన్నయ్యా. ఆకు గుచ్చుతూ ఊరికే నోట్లోకొచ్చింది పాడాను. ఎక్కడా ఆగలేదు. అప్పుడే అర్థమయింది, నేను ఎందుకు ఆగానో."

"మరి కబురు చెయ్యలేదేం?"

"నీకు తెలియదనుకున్నాను. తెలిస్తే బాధపడతావని చెప్పలేదు." ఆ పిల్ల గొంతు పెంచలేదు. "నీకు ఆ రోజు బెజవాడ బండిలోనే తెలుసా?"

ఆయన తలూపాడు.

"నాకు గొంతు లేదనుకునే నేనిక్కడికొచ్చాను. ఉందని ఒక్కమాట చెబితే, వదిన పంపనన్న రోజున నేనూ రానని కూర్చునేదాన్ని. చెంచురామయ్య మామయ్య కూడా అడిగాడు నిన్ను. అందరం నీ మొహమే చూశాం."

"ఇప్పుడైనా..."

పార్వతి కడుపు మీద చెయ్యి వేసుకుని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడలేక ఆయన పొగాకు తోరణాల వంక చూశాడు.

"ఇప్పుడెక్కడికి వస్తానన్నయ్యా" అంది.

ఇంట్లోంచి నాంచారమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి, "కూర్చోవయ్యా, ఎండన పడి వచ్చావు" అని, కోడలి వైపు తిరిగి, "ఆకు వాడిపోతోందమ్మా" అంది. పార్వతి మజ్జిగ అందుకుని అన్న చేతికిచ్చి పందిట్లోకి వెళ్ళిపోయింది. కోటిలింగం నులకమంచం మీద కూర్చున్నాడు. మజ్జిగ తాగాడు. నాంచారమ్మ అడిగినవాటికి జవాబులు చెబుతూ, చెవి పందిరి వైపే వేసి, పొద్దు వాలి నాటకం వాళ్ళ మనిషి వెతుక్కుంటూ వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన ఉన్నంతసేపూ లోపలినుంచి ఆకు గలగల తప్ప ఏమీ వినపడలేదు.